కొవ్వు బిళ్లకు యాంటీబయాటిక్ తోడైతే.. కండరానికి గండం

రెండు చీటీల మందులు ఒకే ఒంట్లో కలిసినప్పుడే ముప్పు
మూత్రం నల్లబడితే ఆలస్యం వద్దు

గుండెను కాపాడే బిళ్ల ఒకటి. ఊపిరితిత్తుల్లో నెమ్మును, గొంతులో పుండును మాన్పే బిళ్ల మరొకటి. విడివిడిగా చూస్తే రెండూ మేలు చేసేవే. ఒకే వారంలో ఒకే మనిషి రెండింటినీ మింగితే మాత్రం కొందరిలో కండరాలు విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఆ శిథిలాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డుపడతాయి. సకాలంలో గుర్తిస్తే మందు ఆపి, సెలైన్ ఎక్కించడంతో చాలామంది కోలుకుంటారు. గుర్తించకపోతే డయాలసిస్ దాకా, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలకూ, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లకూ పొత్తు కుదరదన్న విషయం వైద్య ప్రపంచానికి కొత్త కాదు. మందు పెట్టెలో ఉండే కరపత్రంలోనూ ఆ హెచ్చరిక ఉంటుంది. అయినా ఈ ప్రమాదం జరుగుతూనే ఉండటానికి కారణం తెలివితక్కువతనం కాదు. గుండె మందు రాసింది పట్నంలోని వైద్యుడు, దగ్గు మందు ఇచ్చింది ఊళ్లోని వైద్యుడు. ఒకరి చీటీ మరొకరి కంటపడదు. రెండు చీటీలూ తెలిసినవాడు రోగి ఒక్కడే. ఆయనకేమో ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పి ఉండరు.

బూజులోంచి పుట్టిన మందు

స్టాటిన్ల కథ జపాన్‌లో మొదలైంది. అకీరా ఎండో అనే శాస్త్రవేత్త 1971 నుంచి సుమారు ఆరు వేల రకాల బూజులను పరీక్షించారు. కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థం వాటిలో ఏదో ఒకదానిలో దొరకకపోతుందా అన్నది ఆయన ఆశ. క్యోటో నగరంలోని ఒక ధాన్యం దుకాణం నుంచి తెచ్చిన బియ్యం నమూనాపై పెరిగిన బూజులో 1973లో అది దొరికింది. దాని ఆధారంగా సాగిన పరిశోధనల ఫలితంగా 1987లో లోవాస్టాటిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. సింవాస్టాటిన్, అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటివి ఆ తర్వాత వరుస కట్టాయి. ఎండో 2024లో, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నేడు మన పల్లెల్లోనూ ఈ మాత్రలు తెలియని వీధి ఉండదు. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి, పక్షవాతం బారిన పడినవారికి, మధుమేహ రోగుల్లో అనేకమందికి వైద్యులు వీటిని దీర్ఘకాలం వాడమని రాస్తారు. జనం వాడుకలో ఇది ‘కొవ్వు బిళ్ల’. ఎక్కువగా రాత్రి భోజనం తర్వాత వేసుకునే చిన్న మాత్ర. ఏళ్ల తరబడి వేసుకోవడం వల్ల అది మందు అన్న స్పృహ కూడా పోతుంది. ‘ఏమైనా మందులు వాడుతున్నారా?’ అని అడిగితే బీపీ, షుగర్ మాత్రల పేర్లు చెప్పి దీనిని మరచిపోవడం పరిపాటి. మరచిన ఆ ఒక్కటే ఇక్కడ కీలకం.

తూము మూసుకుపోతే చెరువు ఏమవుతుంది?

స్టాటిన్ పనిచేయవలసిన చోటు కాలేయం. పని పూర్తయ్యాక దానిని ముక్కలు చేసి బయటకు పంపే ఏర్పాటు కూడా ప్రధానంగా అక్కడే ఉంటుంది. సీవైపీ3ఏ4 అనే ఎంజైము ఆ బాధ్యత చూస్తుంది. కాలేయంలోనూ, పేగుల గోడల్లోనూ ఉండే ఈ ఎంజైమే మనం వాడే మందుల్లో చాలావాటిని విచ్ఛిన్నం చేస్తుంది. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ దాదాపుగా దీని మీదే ఆధారపడతాయి. అటార్వాస్టాటిన్ కూడా చాలావరకు ఈ దారిలోనే పోతుంది.

క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఈ ఎంజైమును పట్టుకుని పనిచేయనీయకుండా కట్టేస్తాయి. చెరువు సంగతి తెలిసిన రైతుకు దీనిని వివరించడం తేలిక. కాలువ ద్వారా రోజూ వచ్చేంత నీరు తూము గుండా పోతున్నంతకాలం కట్టకు ఢోకా లేదు. కాలువ పారుతూనే ఉండగా తూము మూసుకుపోతే మట్టం పెరుగుతూ పోతుంది. రోగి మింగేది రోజుకు ఒక్క బిళ్లే. పోవలసినది పోకపోవడంతో రక్తంలో మందు మట్టం రోజురోజుకూ పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందన్నదానికీ లెక్కలున్నాయి. ఆరోగ్యవంతులపై జరిపి 2004లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, క్లారిత్రోమైసిన్ తోడైనప్పుడు శరీరానికి అందిన సింవాస్టాటిన్ మోతాదు సుమారు పది రెట్లకు చేరింది. అటార్వాస్టాటిన్ నాలుగు రెట్లు మించింది. ఈ ఎంజైముతో పెద్దగా పనిలేని ప్రావాస్టాటిన్ సైతం సుమారు రెట్టింపైంది. అంటే రోగి 20 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్ మాత్ర ఒకటి వేసుకుని పడుకున్నా, ఒంటికి మాత్రం నాలుగు మాత్రలు వేసుకున్నంత పని అవుతుంది.

యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన మర్నాడే అంతా యథాస్థితికి రాదు. కట్టుబడిపోయిన ఎంజైము స్థానంలో శరీరం కొత్తది తయారు చేసుకోవాలి. అందుకు కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి చివరి బిళ్ల వేసుకున్న తర్వాత కొద్ది రోజులు కూడా జాగ్రత్త అవసరమే.

కండరం కరిగితే కిడ్నీకి ఎందుకు?

రక్తంలో స్టాటిన్ మితిమీరితే కాలేయం దాటి కండరాలకు ఎక్కువగా చేరుతుంది. అక్కడ కణాలు దెబ్బతిని పగులుతాయి. తీవ్ర దశలో దీనిని వైద్యులు రాబ్డోమయోలైసిస్ అంటారు. కండర కణాల విచ్ఛిత్తి అని దాని అర్థం. పగిలిన కణాల్లోంచి మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీను రక్తంలోకి విడుదలవుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టే క్రమంలో సన్నని నాళాలు పూడుకుపోతాయి, దెబ్బతింటాయి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడానికి కారణం ఇదే. అదే సమయంలో కణాల్లోంచి పొటాషియం కూడా రక్తంలోకి చేరుతుంది. అది హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది.

కండరానికీ కిడ్నీకీ ఉన్న ఈ ముడి రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్పష్టంగా బయటపడింది. లండన్‌పై బాంబుల వర్షం కురిసిన రోజుల్లో కూలిన ఇళ్ల కింద కాళ్లు, చేతులు నలిగినవారిని బతికుండగానే వెలికితీశారు. తొలుత బాగానే కనిపించిన ఆ క్షతగాత్రుల్లో కొందరు కొద్ది రోజులకే మూత్రపిండాలు చెడి మరణించారు. బైవాటర్స్, బీల్ అనే వైద్యులు 1941లో ఈ ఉదంతాలను వైద్య పత్రికలో వివరించారు. అక్కడ కండరాన్ని నలిపింది గోడ. ఇక్కడ మందు. ఆ తర్వాత కిడ్నీలో జరిగేది మాత్రం ఒకటే.

కెనడా చెప్పిన లెక్కలు

ఈ రెండు మందుల కలయిక నిజ జీవితంలో ఎంత చేటు చేస్తుందో తేల్చేందుకు కెనడాలోని అంటారియో రాష్ట్ర పరిశోధకులు ఆరోగ్య రికార్డులను తిరగేశారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్, అటార్వాస్టాటిన్‌లలో ఏదో ఒకటి క్రమం తప్పకుండా వాడుతున్న 65 ఏళ్లు పైబడినవారిని ఇందుకు ఎంచుకున్నారు. వారిలో 72,591 మందికి క్లారిత్రోమైసిన్, 3,267 మందికి ఎరిత్రోమైసిన్ ఇచ్చినట్టు తేలింది. అదే కుటుంబానికి చెందినా సీవైపీ3ఏ4 ఎంజైమును పెద్దగా అడ్డుకోని అజిత్రోమైసిన్ తీసుకున్నవారు 68,478 మంది. తర్వాతి 30 రోజుల్లో ఏం జరిగిందో పోల్చి చూశారు.

కండరాల విచ్ఛిత్తితో ఆసుపత్రి పాలైనవారు మొదటి వర్గంలో రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. అయితే అది అరుదైన జబ్బు. కనుక ఆ పెరుగుదల పది వేల మందికి ఇద్దరే. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడం మాత్రం పది వేల మందికి సుమారు 126 చొప్పున పెరిగింది. ఏ కారణంతోనైనా సంభవించిన మరణాలు పది వేలకు సుమారు 25 చొప్పున అధికంగా నమోదయ్యాయి. ఇది రికార్డుల పరిశీలన మాత్రమే కాబట్టి ప్రతి మరణాన్నీ ఈ కలయిక ఖాతాలోనే వేయలేం. కానీ సాటి మందు ఒకటి అందుబాటులో ఉండగా ఈ ముప్పును ఎందుకు కొని తెచ్చుకోవాలన్న ప్రశ్నకు మాత్రం ఆ లెక్కలు బలం చేకూర్చాయి.

ఒక్కొక్క రోగికి ముప్పు స్వల్పమే. లక్షల మంది వాడే మందుల విషయంలో స్వల్పం కూడా పెద్ద సంఖ్య అవుతుందన్నది గుర్తుంచుకోవాలి.

2001 నేర్పిన గుణపాఠం

స్టాటిన్‌కు మరో మందు తోడైతే ఎంత నష్టం జరుగుతుందో ప్రపంచం ఒకసారి చవిచూసింది. జర్మనీకి చెందిన బేయర్ సంస్థ 1997లో సెరివాస్టాటిన్ అనే మాత్రను విపణిలోకి తెచ్చింది. దానిని వాడినవారిలో కండరాల విచ్ఛిత్తి కేసులు వరుసగా వెలుగుచూశాయి. రక్తంలో మరో రకం కొవ్వును తగ్గించే జెంఫిబ్రోజిల్‌ను దానితో కలిపి వాడినవారిలో ప్రమాదం మరింత అధికమని తేలింది. ప్రపంచవ్యాప్తంగా 52 మరణాలు నివేదికలకెక్కిన దశలో, 2001 ఆగస్టులో సంస్థ ఆ మందును ఉపసంహరించుకుంది. నేడు వాడుకలో ఉన్న స్టాటిన్లు దానితో పోలిస్తే ఎంతో సురక్షితమైనవి. అయితే ‘ఏ మందుతో కలుస్తోంది?’ అని అడగడం తప్పనిసరి అన్న పాఠాన్ని ఆ ఉదంతం మిగిల్చింది.

2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మరో అడుగు వేసింది. సింవాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల మోతాదును కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దని ఆదేశించింది. సింవాస్టాటిన్‌ను క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లతో కలిపి వాడరాదన్నది నిబంధన. అటార్వాస్టాటిన్ విషయంలో పూర్తి నిషేధం లేకపోయినా, క్లారిత్రోమైసిన్ వాడే రోజుల్లో మోతాదు 20 మిల్లీగ్రాములు మించరాదని దాని కరపత్రం చెబుతుంది. స్టెంటు వేయించుకున్నవారిలో చాలామంది 40, 80 మిల్లీగ్రాములు వాడుతుంటారు. వారికి ఈ హద్దు గుర్తుచేసేవారు ఉండాలి.

ఏ మందుతో ఎంత జాగ్రత్త?

క్లారిత్రోమైసిన్: శ్వాసకోశ జబ్బులకే కాదు, కడుపులో పుండుకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమిని చంపేందుకూ వాడతారు. ఇందుకోసం మూడు రకాల మందులను ఒకే పట్టీలో కలిపి అమ్ముతారు. అందులో ఒకటి క్లారిత్రోమైసిన్ అయి ఉండవచ్చు. వారం నుంచి రెండు వారాలు సాగే కోర్సు కనుక స్టాటిన్ వాడేవారు ముందే చెప్పాలి.

ఎరిత్రోమైసిన్: పాత మందు. ప్రభావం క్లారిత్రోమైసిన్ అంత కాకపోయినా ఉపేక్షించదగినది కాదు.

అజిత్రోమైసిన్: స్టాటిన్ల మట్టాన్ని పెద్దగా పెంచదు. అందుకే అవసరమైనప్పుడు వైద్యులు దీనివైపు మొగ్గుతారు. అలాగని సొంతంగా కొని వాడదగినది కాదు. కొందరిలో ఇది గుండె లయను దెబ్బతీయగలదని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఇట్రాకోనజోల్, కీటోకోనజోల్: ఇవి యాంటీబయాటిక్‌లు కావు, బూజు జాతి క్రిములను చంపే మందులు. చేసే పని మాత్రం అదే. తూము మూసేస్తాయి. ఒక పట్టాన తగ్గని తామరకు ఇట్రాకోనజోల్ గుళికలను వారాల తరబడి వాడటం మన ప్రాంతంలో మామూలైపోయింది. చర్మ వైద్యుడి వద్దకు వెళ్లినప్పుడు గుండె మందుల ఊసు ఎందుకని ఊరుకోవడం ఇక్కడ ప్రమాదకరం.

ఫ్యూసిడిక్ యాసిడ్: మాత్రల రూపంలో గానీ, ఇంజెక్షన్‌గా గానీ ఇస్తే స్టాటిన్‌ను తాత్కాలికంగా నిలపాల్సిందే. చర్మంపై రాసే పూతమందుతో ఈ బెడద లేదు.

రిఫాంపిసిన్: క్షయ రోగులు వాడే ఈ మందుది ఎదురు దారి. ఎంజైమును పెంచి స్టాటిన్‌ను త్వరగా బయటకు పంపేస్తుంది. కండరాలకు ముప్పు లేదు గానీ కొలెస్ట్రాల్ మాత్ర పని తగ్గుతుంది. ఈ సంగతి కూడా వైద్యుడికి తెలియాలి.

రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్, ఫ్లూవాస్టాటిన్‌లకు సీవైపీ3ఏ4తో పని తక్కువ. కనుక క్లారిత్రోమైసిన్‌తో వీటికి ముప్పు తక్కువే గానీ బొత్తిగా లేదని చెప్పలేం. ఆసియా సంతతివారి రక్తంలో రోసువాస్టాటిన్ మట్టం పాశ్చాత్యులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటుందని తేలడంతో, వారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే విషయం పరిశీలించాలని 2005లో అమెరికా నియంత్రణ సంస్థ సూచించింది.

జ్వరం నొప్పులా? మందు నొప్పులా?

ఈ ప్రమాదం కళ్లెదుటే ఉన్నా దాగి ఉండటానికి ఒక కారణం ఉంది. యాంటీబయాటిక్ వాడేది జ్వరం వచ్చినప్పుడు. జ్వరం వస్తే ఒళ్లు నొప్పులు సహజం. డెంగీ, చికున్‌గున్యా తెలిసిన ప్రాంతాల్లో ఒళ్లు నొప్పులను ఎవరూ వింతగా చూడరు. దాంతో మందు వల్ల వచ్చిన నొప్పి కూడా జ్వరం ఖాతాలోకి వెళ్లిపోతుంది. తగ్గడం లేదని నొప్పి ఇంజెక్షన్ చేయించుకుంటారు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు అప్పటికే ఒత్తిడిలో ఉన్న మూత్రపిండాలను మరింత కుంగదీస్తాయి. జ్వరంతో తిండి, నీరు తగ్గి ఒంట్లో నీరు ఎండిపోతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

తేడా గుర్తించేందుకు కొన్ని ఆనవాళ్లున్నాయి. జ్వరం తగ్గుముఖం పడుతున్నా నొప్పులు పెరగడం మొదటిది. తొడలు, పిక్కలు, భుజాలు, నడుము వంటి పెద్ద కండరాల్లో రెండు వైపులా నొప్పి, నొక్కితే బాధ ఉండటం రెండోది. కూర్చున్న చోటి నుంచి లేవలేకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, చేయి పైకెత్తి తల దువ్వుకోలేకపోవడం వంటి బలహీనత మూడోది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం, పరిమాణం తగ్గడం నాలుగోది. ఇది కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అయితే రంగు మారనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. చాలామందిలో ఆ మార్పు కనిపించకపోవచ్చు.

నిర్ధారణకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. ప్రయోగశాలల్లో ‘సీపీకే’గా వ్యవహరించే రక్తపరీక్ష చాలు. సాధారణంగా లీటరుకు సుమారు 200 యూనిట్ల లోపు ఉండే ఈ విలువ పది రెట్లు దాటితే తీవ్రంగా పరిగణిస్తారు. కండరాలు విపరీతంగా దెబ్బతిన్నవారిలో ఇది వేలల్లో, పదుల వేలల్లో ఉంటుంది. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు కిడ్నీ పరిస్థితిని తెలుపుతాయి. మూత్ర పరీక్షలోనూ ఒక గుర్తు ఉంది. రంగు మారే పట్టీపై రక్తం ఉన్నట్టు చూపుతుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర రక్తకణాలు కనిపించవు. పట్టీ రంగు మార్చింది రక్తం కాదు, కండరం నుంచి వచ్చిన మయోగ్లోబిన్ అని అప్పుడు అనుమానించాలి.

ఎవరికి ముప్పు ఎక్కువ?

వయసు పైబడినవారు, సన్నగా బలహీనంగా ఉన్నవారు, మహిళలు, అప్పటికే మూత్రపిండాల జబ్బు లేదా కాలేయ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ తక్కువగా ఉండి చికిత్స తీసుకోనివారు, అతిగా మద్యం తాగేవారు ముందు వరుసలో ఉంటారు. స్టాటిన్ మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. డిల్టియాజెమ్, వెరాపమిల్ అనే బీపీ మందులు, గుండె లయకు వాడే అమియోడరోన్, అవయవ మార్పిడి రోగులు వాడే సైక్లోస్పోరిన్ కూడా స్టాటిన్ మట్టాన్ని పెంచగలవు. వీటిలో ఒకటి వాడుతున్నవారికి యాంటీబయాటిక్ రెండో దెబ్బ అవుతుంది.

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు సైతం ఈ విషయం గమనించాలి. ఆరు నెలల మాత్రలు ఇక్కడి నుంచే మూటగట్టుకుని వెళతారు. అక్కడ దగ్గు, జ్వరం వస్తే యాంటీబయాటిక్ రాయించుకుంటారు. అక్కడి మందుల దుకాణంలోని కంప్యూటరు రెండు మందుల మధ్య పొసగనితనాన్ని పట్టుకోగలదు. కానీ మన ఊళ్లో కొన్న మాత్ర దాని లెక్కలో ఉండదు. నోరు తెరిచి చెప్పాల్సింది రోగే.

పేరులోనే ఉంది గుట్టు

తాము వాడేది స్టాటిన్ అని తెలియని రోగులకు కొదవ లేదు. ఒకే మందుకు పదుల సంఖ్యలో వ్యాపార నామాలున్నాయి. పైగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లతో స్టాటిన్‌ను కలిపిన గుళికలు మన దేశంలో విరివిగా దొరుకుతాయి. ‘రక్తం పలచబడే గోలీ’ అనుకుని మింగే దానిలోనే అటార్వాస్టాటిన్ ఉండవచ్చు.

పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. ఆ చివర ‘వాస్టాటిన్’ అని ఉంటే అది కొలెస్ట్రాల్ మాత్రే. ‘స్టాటిన్’ అన్న తోక ఉన్నదల్లా ఈ కుటుంబంలోది కాదు. నోటిపూతకు వాడే నిస్టాటిన్‌కు కొలెస్ట్రాల్‌తో ఏ సంబంధమూ లేదు. అలాగే ‘మైసిన్’ అని ముగిసే యాంటీబయాటిక్‌లన్నీ ఒకటి కావు. అందువల్ల పేరు చూసి సొంతంగా నిర్ణయాలు తీసుకోకుండా, పట్టీని వైద్యుడికి చూపడమే మేలు.

చట్టం ప్రకారం స్టాటిన్లు గానీ, ఈ యాంటీబయాటిక్‌లు గానీ వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. యాంటీబయాటిక్ పట్టీలపై ఉండే ఎర్ర గీతకు అర్థం ఇదేనని చాటేందుకు కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది. అయినా ‘జ్వరానికి మూడు రోజుల గోలీలు’ అంటూ దుకాణంలో చేయి చాపే అలవాటు పోలేదు. అలా కొన్నప్పుడు ఈ రెండు మందుల కలయికను ఆపగలిగే చివరి అవకాశం కూడా చేజారుతుంది. దుకాణదారు ‘గుండెకో, కొలెస్ట్రాల్‌కో ఏమైనా వాడుతున్నారా?’ అని ఒక్క మాట అడిగితే చాలు, ఒక ప్రాణం నిలవవచ్చు.

భయపడి మానేస్తే మొదటికే మోసం

ఇదంతా చదివి కొలెస్ట్రాల్ మాత్రను పారేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం వేరే లేదు. చెడు కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ముప్పులు దాదాపు అయిదో వంతు తగ్గుతాయని అనేక పరిశోధనలను క్రోడీకరించిన అధ్యయనాలు తేల్చాయి. స్టాటిన్ ఒక్కటే వాడేవారిలో కండరాల విచ్ఛిత్తి అత్యంత అరుదు. ఏడాదికి లక్ష మందిలో కొద్దిమందికి మాత్రమే వస్తుంది. మామూలు ఒళ్లు నొప్పుల విషయానికొస్తే, స్టాటిన్ వాడేవారు చెప్పే నొప్పుల్లో తొంభై శాతానికి పైగా ఆ మందు వల్ల వచ్చినవి కావని 2022లో వెలువడిన ఒక భారీ విశ్లేషణ తెలిపింది.

కనుక సమస్య మందుది కాదు, కలయికది. దానికి పరిష్కారాలు సులువు. వైద్యుడికి ముందే తెలిస్తే వేరే యాంటీబయాటిక్ రాస్తారు. క్లారిత్రోమైసిన్ తప్పనిసరైతే ఆ కొద్ది రోజులు స్టాటిన్‌ను నిలిపివేయమంటారు, లేదా మోతాదు తగ్గిస్తారు. వారం, పది రోజులు ఆపినంత మాత్రాన సాధారణంగా నష్టం ఉండదు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారి విషయంలో మాత్రం నిర్ణయం హృద్రోగ నిపుణుడిదే కావాలి. ఎప్పుడు ఆపాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం. తాత్కాలికంగా ఆపిన మాత్రను మళ్లీ మొదలుపెట్టకుండా మరచిపోయేవారూ ఉంటారు.

ఇవి పాటిస్తే మేలు

* వాడుతున్న మందులన్నింటి పేర్లు, మోతాదులు ఒక కాగితంపై రాయించి జేబులో ఉంచుకోవాలి. రాయడం కుదరకపోతే ఖాళీ పట్టీలనైనా సంచిలో వెంట తీసుకెళ్లాలి.

* పంటి వైద్యుడైనా, చర్మ వైద్యుడైనా, ఊళ్లోని ఆర్‌ఎంపీ అయినా మందు ఇచ్చే ముందు ఆ కాగితం చూపాలి.

* ‘ఈ కొత్త మందు నా కొలెస్ట్రాల్ మాత్రతో పడుతుందా?’ అని అడగడానికి మొహమాటపడకూడదు.

* గతంలో రాసిన చీటీతోనో, పొరుగింటివారి సలహాతోనో యాంటీబయాటిక్ కొని వాడకూడదు.

* జ్వరం వేళ వైద్యుడు పరిమితి విధించని వారు నీళ్లు, మజ్జిగ, గంజి తగినంత తాగాలి.

* అకారణంగా కండరాల నొప్పి, బలహీనత వస్తే నొప్పి ఇంజెక్షన్ చేయించుకోకుండా వైద్యుడిని సంప్రదించాలి. మూత్రం రంగు మారితే 108 వాహనంలోనైనా వెంటనే ఆసుపత్రికి చేరాలి. వాడిన పట్టీలన్నీ వెంట ఉండాలి.

* మందు వికటించిందన్న అనుమానం ఉంటే రోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. 2010లో ప్రారంభమైన జాతీయ ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమం ఇందుకోసం 1800-180-3024 అనే ఉచిత ఫోన్ సదుపాయం కల్పించింది.

నెలనెలా మాత్రలు తెచ్చిపెట్టే కొడుకో, కోడలో, మనవరాలో ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పెద్దవారికి చిన్న అక్షరాలు కనిపించవు. వారి బదులు ఆ పట్టీని ఒకసారి తిప్పి చదివి, ఆ పేర్లను ఒక చీటీపై రాసిపెట్టే పని ఇంట్లోని చదువుకున్న పిల్లలు ఈ రోజే చేయవచ్చు. అందుకు పట్టేది పది నిమిషాలు.